గంగులు దాహం

అనగనగా ఒక ఊరు. ఎప్పుడని అడక్కండి. మా అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పేనాటికే అది పాతకథ. ఎక్కడని కూడా అడక్కండి. వాగున్న ప్రతి ఊరివాళ్లూ అది మా ఊరే అంటారు. ఊ కొడుతూ వినండి. ఊ కొట్టడం ఆపారో, నేనూ ఆపేస్తాను, ముందే చెబుతున్నా. నాకు వయసు మీద పడింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. మధ్యలో అడ్డొస్తే కథ ఎక్కడ వదిలానో నాకే దొరకదు.

ఆ ఊరి మధ్యన ఒక వాగు. వాగు మీద తాటిదుంగల వంతెన. వాగుకి తూర్పున సగం ఊరు, పడమట సగం ఊరు. తూర్పొడ్డుకి పెద్ద భద్రయ్య. ఇంతేసి మీసాలు. పడమటొడ్డుకి పెద్ద రంగప్ప. నున్నటి మొహం, చెవులకి పోగులు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వాగులో ఈతలు కొట్టినవాళ్లే. ఒకరి పెళ్లిలో ఒకరు పెత్తనం చేసినవాళ్లే.

మరి మధ్యలో ఏమొచ్చిపడింది? పులిహోర వచ్చిపడింది. నవ్వకండర్రా, నిజం. గంగమ్మ జాతరలో ఊరంతా ఒకే బంతిన కూర్చుని తినడం ఆనవాయితీ. ఒక ఏడు వడ్డించేవాడు పులిహోర గంప పట్టుకుని తూర్పొడ్డు వరసకి ముందు వేశాడు. పడమటొడ్డు వాళ్లు విస్తళ్ల ముందునించి లేచిపోయారు. మరుసటేడు వాళ్లకి ముందు వేశారు. తూర్పొడ్డు వాళ్లు లేచిపోయారు. మూడో ఏడు అసలు బంతే లేదు. పులిహోర పోయింది, పట్టుదల మిగిలింది.

ఆ తర్వాత మాటలు పోయాయి. పెళ్లి సంబంధాలు పోయాయి. ఒకసారి పడమటొడ్డున ఒక పిల్లకి నొప్పులొచ్చాయి. మంత్రసాని ఉండేది తూర్పొడ్డున. ఆమెని వంతెన దాటనివ్వలేదు. ఆ పిల్ల పురిట్లోనే పోయింది. పాపం, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. అప్పుడైనా సిగ్గొచ్చిందా? రాలేదు. మీవల్లే పోయిందని వీళ్లు, మీవల్లే పోయిందని వాళ్లు. ఆ ఏటి జాతరకి అమ్మవారి ఘటం ఏ ఒడ్డున ముందు కాలు పెట్టాలో కత్తులతోనే తేల్చుకుందామన్నారు. రెండొడ్లలోనూ ఇళ్ల ముందు కొడవళ్లు నూరుతున్న చప్పుడు. పిల్లల్ని బయటికి పంపడం మానేశారు.

అదిగో, అలాంటి ఊరికి వచ్చాడు గంగులు.

గంగులు పగటివేషగాడు. పగటివేషమంటే తెలుసుగా? పట్టపగలు మొహానికి రంగు పూసుకుని, రోజుకో వేషం కట్టి, ఇంటింటి ముందూ నిలబడి ఊరిని ఊరే చూసుకుని నవ్వేలా చెయ్యడం. గంగులు వేషం కడతాడు, వాడి పెళ్లాం ఈరమ్మ డోలు కొడుతుంది. ఏటా జాతర ముందు రావడం వాళ్ల తాతల నాటి హక్కు. పిసినారిని పిసినారి అంటాడు. గొప్పలు పోయేవాణ్ణి గొప్పలు పోయి చూపిస్తాడు. దొర ఎదుటే దొరలా దగ్గుతాడు. అయినా ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే పెద్దలు పెట్టిన కట్టు ఒకటుంది. ఒంటి మీద రంగు ఉన్నంతసేపు వేషగాడి మీద చెయ్యి వెయ్యకూడదు. వేస్తే గంగమ్మ ఊరుకోదు. ఆ ధైర్యంతోనే గంగులు తాత బతికాడు, తండ్రి బతికాడు, గంగులూ బతికాడు.

కానీ గంగులు ముసలాడైపోయాడు. ముందు పళ్లు పోయాయి. తర్వాత మోకాళ్లు పోయాయి. ఆ తర్వాత మాటలు పోవడం మొదలెట్టాయి. నోటి చివరిదాకా వచ్చిన మాట వెనక్కి జారిపోయేది. అప్పుడు ఈరమ్మ డోలు గట్టిగా వాయించి, ఆ చప్పుడు చాటున మాట అందించేది. చూసేవాళ్లకి తెలిసేది కాదు.

మొదటిరోజు తూర్పొడ్డున వైద్యుడి వేషం కట్టాడు. ఒకణ్ణి పట్టుకుని నాలిక చాపమన్నాడు. "అమ్మో! నీ కడుపులో అన్నం లేదురా, అన్నీ పక్కొడ్డు వాళ్ల సంగతులే! అజీర్తి ఎందుకు చెయ్యదు?" అన్నాడు. ఎప్పుడైనా అయితే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు. ఆరోజు ఎవరూ నవ్వలేదు. భద్రయ్య వైపు చూశారు. భద్రయ్య నవ్వలేదు గనక వాళ్లూ నవ్వలేదు.

భద్రయ్య మీసం మీద చెయ్యి వేసి, జనమంతా వింటుండగా అన్నాడు. "ఒరే గంగులూ, ఆ ఒడ్డు నీళ్లు నా గొడ్డుకి కూడా పెట్టను. ఆ ఒడ్డు పిల్ల నా గడప తొక్కితే గడప పీకించి పొయ్యిలో పెడతాను. జాతరనాడు రంగప్ప వేషం కట్టు. వాడొక్కడి వేషమే కట్టు. కడితే ఏడాదికి సరిపడా గింజలు ఇంటికి తోలిస్తాను. కట్టకపోతే, రంగు కడుక్కున్నాక నీ సంగతి చూస్తాను."

రెండోరోజు పడమటొడ్డున సోదెమ్మ వేషం కట్టాడు. ఒక ఇల్లాలి చెయ్యి పట్టుకుని, "తల్లీ, నీకు పక్కొడ్డునించే గండం. ఎందుకంటే నువ్వు అటే చూస్తూ నడిచి గుంటలో పడతావు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రంగప్ప వైపు చూశారు. రంగప్ప నవ్వలేదు గనక వాళ్లూ నవ్వలేదు.

రంగప్ప చెవిపోగు తిప్పుకుంటూ, జనమంతా వింటుండగా అన్నాడు. "గంగులూ, ఆ ఒడ్డు ఇల్లు అంటుకుంటే నేను చలి కాచుకుంటాను. ఆ ఒడ్డున శవం లేస్తే నా ఇంట పాయసం వండిస్తాను. జాతరనాడు భద్రయ్య వేషం కట్టు. వాడొక్కడి వేషమే కట్టు. కడితే ఏడాదికి సరిపడా గింజలు. కట్టకపోతే, రంగు కడుక్కున్నాక నీ సంగతి చూస్తాను."

ఇద్దరినీ వెక్కిరిస్తే ప్రాణం పోతుంది. ఒక్కణ్ణే వెక్కిరిస్తే తాతల నాటి వేషం పోతుంది. పారిపోదామా అంటే, రెండొడ్ల మనుషులూ ఊరి పొలిమేరలో కాపలా కాస్తున్నారు. అదీ గంగులు పడ్డ ఇరకాటం.

ఆ సాయంత్రం వాగొడ్డున గుడిసె ముందు ఈరమ్మ గంజి కాస్తోంది. గంగులు రంగులు నూరుకుంటున్నాడు.

"ఒక్కడి వేషమే కట్టవయ్యా," అంది ఈరమ్మ. "ఏ ఒక్కడిదైనా సరే. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు."

"ఒక ఒడ్డు కోసమే నవ్విస్తే అది నవ్వు కాదే ఈరీ, కూలి. ఆ కూలి మా నాయన చెయ్యలేదు."

"మీ నాయనకి ఇలాంటి రోజులు రాలేదు."

"అదీ నిజమే," అన్నాడు గంగులు. నూరే రాయి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "వయసులో ఉన్నప్పుడు దొరల ముందు దొరలా దగ్గాలంటే లోపల గుండె దడదడలాడేది. పైకి చెప్పేవాణ్ణి కాదు. పిల్లలున్నారు, నువ్వున్నావు, ఇంకా బోలెడు బతుకుంది, ఎక్కడ పోతుందోనని భయం. ఇప్పుడు చూడు. పళ్లు లేవు, మోకాళ్లు లేవు, సగం మాటలు లేవు. వీళ్లు నాదగ్గర లాక్కునేది ఏముందే?"

"నేనున్నానుగా!" అని అరిచింది ఈరమ్మ. గరిటె విసిరికొట్టింది. "నేను లెక్కలోకి రానా?"

గంగులు దగ్గరికెళ్లి కూర్చున్నాడు. "నువ్వొక్కదానివే వస్తావు. అందుకే నిన్ను అడుగుతున్నా. శివపార్వతుల వేషం కడతాను. డోలు కొడతావా?"

శివపార్వతుల వేషమంటే ఒకే మనిషి మొహం సగం శివుడు, సగం పార్వతి. చేతిలో ఒక గుడ్డ ఉంటుంది. ఆ గుడ్డతో ఒక సగం కప్పుకుంటే శివుడొక్కడే కనబడతాడు, రెండో సగం కప్పుకుంటే పార్వతి ఒక్కతే కనబడుతుంది. గంగులు కట్టబోయేది మాత్రం శివపార్వతుల్ని కాదు. ఈరమ్మకి అర్థమైంది. కళ్లు తుడుచుకుంది.

"కొడతానులే. నా ఖర్మ," అంది.

తెల్లారింది. జాతర వచ్చింది. తూర్పొడ్డు జనం తూర్పొడ్డున, పడమటొడ్డు జనం పడమటొడ్డున. నడుముల్లో కొడవళ్లు, చేతుల్లో కర్రలు. ఎవరు ముందు వంతెన మీద కాలు పెడితే వాళ్ల మీద పడదామని కాచుకుని ఉన్నారు. అప్పుడు డోలు మోగింది. గంగులు గుడ్డ కప్పుకుని వచ్చి వంతెన మధ్యలో నిలబడ్డాడు. రంగు పూసుకున్న మనిషి గనక ఎవరూ ఆపలేదు.

ముందు తూర్పు వైపు తిరిగాడు. గుడ్డ సగం తీశాడు. నున్నటి చెంప, చెవికి పోగులా ఒక రంగుచుక్క. రంగప్ప! తూర్పొడ్డంతా ఈలలు వేసింది. తర్వాత పడమర వైపు తిరిగాడు. మొదటి సగం కప్పుకుని రెండో సగం తీశాడు. సగం మొహానికి సగం మీసం. భద్రయ్య! పడమటొడ్డంతా ఈలలు వేసింది. వానలు పడి వాగు హోరుమంటోంది. ఒక ఒడ్డుకి తిరిగి చెప్పిన మాట రెండో ఒడ్డుకి వినబడదు. తమకి నచ్చిన వేషమే కట్టాడని రెండొడ్లూ సంబరపడ్డాయి.

గంగులు మళ్లీ తూర్పుకి తిరిగాడు. రంగప్ప మొహంతో రంగప్ప మాటలు చెప్పాలి. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఈరమ్మ డోలు గట్టిగా వాయించింది. గంగులు పెదాలు కదిపి, "ఈరీ, ఎవరివి ఏవి?" అన్నాడు. కళ్లలో భయం. అది వేషం భయం కాదు, నిజం భయం. ఈరమ్మ అందించే లోపలే వాడి నోటికి ఏది తగిలితే అది వచ్చేసింది.

"ఆ ఒడ్డు నీళ్లు నా గొడ్డుకి కూడా పెట్టను! ఆ ఒడ్డు పిల్ల నా గడప తొక్కితే గడప పీకించి పొయ్యిలో పెడతాను!"

అయ్యయ్యో, అవి భద్రయ్య మాటలు! కావాలనే తారుమారు చేశాడని కొందరంటారు. నేను నమ్మను. మరిచిపోయాడంతే. ముసలితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకేం తెలుసు?

తూర్పొడ్డు భగ్గుమంది. "చూశారా రంగప్ప పొగరు!" అన్నాడొకడు. "ఎంత పాపిష్టి నోరు!" అంది ఒకావిడ. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు? భద్రయ్యే. తొడ చరిచి, "మనిషన్నవాడు ఇలాంటి మాటలంటాడా? చూడండి వాడి బుద్ధి!" అన్నాడు.

ఈరమ్మ చూసింది. మాట సరిచెయ్యొచ్చు. సరిచెయ్యలేదు. డోలు ఇంకా గట్టిగా కొట్టింది.

గంగులు పడమరకి తిరిగాడు. భద్రయ్య మొహంతో రంగప్ప మాటలన్నాడు. "ఆ ఒడ్డు ఇల్లు అంటుకుంటే నేను చలి కాచుకుంటాను! ఆ ఒడ్డున శవం లేస్తే నా ఇంట పాయసం వండిస్తాను!" పడమటొడ్డు భగ్గుమంది. రంగప్ప ఉమ్మేశాడు. "ఛీ, రాక్షసుడు! రాక్షసుడు కూడా ఇలా అనడు!" అన్నాడు.

అప్పుడు భద్రయ్య తల్లి, తొంభయ్యేళ్ల ముసల్ది, కర్ర పట్టుకుని లేచింది. "ఒరే భద్రీ," అంది. "అవి మొన్న నువ్వన్న మాటలేరా." అటు ఒడ్డున రంగప్ప పెళ్లాం కూడా మొగుడి చెవిలో అదే మాట అంది. ముసలామె బోసినోరు తెరిచి నవ్వేసింది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత కొడవలి పట్టుకున్నవాళ్లు కూడా ఆపుకోలేకపోయారు. గంగులు ఆ సందట్లో గుడ్డ పూర్తిగా తీసేసి, అటూ ఇటూ తిరిగాడు. సగం మీసం, సగం నునుపు. రెండొడ్లకీ రెండు సగాలూ కనబడ్డాయి. ఎన్నో ఏళ్ల తర్వాత రెండొడ్లూ ఒకేసారి నవ్వాయి.

నవ్వనివాళ్లు ఇద్దరే. భద్రయ్య ఇటునించి, రంగప్ప అటునించి కర్రలెత్తుకుని వంతెన మీదికొచ్చారు. గంగులుకి చెరోవైపు నిలబడ్డారు.

"రంగు కడుగు," అన్నాడు భద్రయ్య.

"రంగు కడుగు," అన్నాడు రంగప్ప.

నవ్వు ఆగిపోయింది. రంగు పోయిందంటే గంగులు పోయినట్టే. ఈరమ్మ డోలు కింద పడేసి అడ్డం రాబోయింది.

గంగులు ఇద్దరి వైపూ చూశాడు. "కడుక్కుంటాను బాబూ," అన్నాడు. "ముందు ఎవరి సగం కడుక్కోమంటారు?"

"నాది!" అన్నాడు భద్రయ్య.

"నీది ముందెందుకు? నాది!" అన్నాడు రంగప్ప.

ఇంకేముంది! మళ్లీ పులిహోర వ్యవహారమే. నాదంటే నాదని ఇద్దరూ ఒకరి మీదికొకరు వెళుతున్నారు. మధ్యలో సగం సగం మొహంతో గంగులు. రెండొడ్లూ పడీపడీ నవ్వుతున్నాయి. నవ్వీ నవ్వీ కొడవళ్లు కింద పెట్టేశారు. రంగు ఉంది గనక కొట్టలేరు, ముందెవరో తేలలేదు గనక కడగలేరు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఎండ పేలిపోతోంది. వంతెన మీద ఆకు నీడైనా లేదు.

గంగులు దుంగ మీద కూలబడ్డాడు. "దాహం," అన్నాడు.

జనం నవ్వారు. ఎందుకు నవ్వరు? వాళ్లకి తెలిసిన గంగులు ఏటా పడిపోతాడు, ఏటా చచ్చిపోతాడు, ఏటా లేచి సంభావన అడుగుతాడు. వేషంలో భాగమే అనుకున్నారు.

"దాహం," అన్నాడు మళ్లీ. మళ్లీ నవ్వారు.

"అయ్యా, నిజంగానే దాహం," అన్నాడు మూడోసారి. ఇంకా నవ్వారు.

ఈరమ్మకి తెలుసు. "నీళ్లు పొయ్యండ్రా, పుణ్యముంటుంది!" అని రెండొడ్లకీ వినబడేలా అరిచింది. భద్రయ్య మనుషులు ఒక కడవ తెచ్చారు. రంగప్ప మనుషులు ఒక కడవ తెచ్చారు. భద్రయ్య కడవ అందుకుని ముందుకొచ్చాడు. రంగప్ప అడ్డం నిలబడ్డాడు. "మీ నీళ్లు ముందు తాగితే వాడు మీ మనిషైనట్టు!" రంగప్ప కడవ అందుకున్నాడు. భద్రయ్య అడ్డం నిలబడ్డాడు. "మీ నీళ్లు ముందెలా తాగుతాడు?"

ఈరమ్మ కడవ లాక్కోబోతే తోసేశారు. ఇక వాళ్లని నమ్ముకోలేదు ఆ మనిషి. గట్టు దిగి, జారిపడి, లేచి, వాగులో కొంగు ముంచింది. బురదనీళ్లు. ఏవైతేనేం, నీళ్లు. పరుగెత్తుకుంటూ పైకొచ్చి గంగులు తల ఒళ్లో పెట్టుకుని పెదాల మీద కొంగు పిండింది. నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. పెదాలు కదల్లేదు.

జనం అప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. లేస్తాడని చూశారు. లేవలేదు. ఈరమ్మ గుండెలు బాదుకుంటే గానీ వాళ్లకి తెలియలేదు. నవ్వుతున్న నోళ్లు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

ఇద్దరు పెద్దలూ కడవలు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరి కడవలూ నిండుగా ఉన్నాయి.

ఈరమ్మ తలెత్తింది. "తేలిందా దొరా?" అంది. "ముందెవరో తేలిందా?"

గంగులు తల ఒళ్లోంచి దించి దుంగ మీద ఆనించింది.

"రంగుతో ఉన్న శవాన్ని పాడె ఎక్కించకూడదు. కడగాలి. నేను కడగను. ఇది నా మొగుడి మొహం కాదు, మీ ఇద్దరి మొహాలు. మీరే కడుక్కోండి."

భద్రయ్య ఒకవైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రంగప్ప ఒకవైపు కూర్చున్నాడు. ఈసారి ముందు నువ్వంటే ముందు నువ్వనుకుంటూ కాసేపు ఆగారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ ఒకేసారి కడవలు వంచారు. మీసం కరిగింది, చెవిపోగు చుక్క కరిగింది. రంగంతా ఒక్క ధారగా వంతెన మీదినించి వాగులోకి కారింది. ముడతలు పడ్డ ముసలి మొహం ఒకటి బయటపడింది. రంగప్ప భోరుమని ఏడ్చాడు. భద్రయ్య చేతిలో కడవ జారి పగిలింది.

పాడె రెండొడ్ల వాళ్లూ మోశారు. ఈరమ్మకి గింజలు పంపిస్తే పుచ్చుకోలేదు. డోలు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊరు రాలేదు. ఎందుకొస్తుంది చెప్పండి? కొందరు ఆమె క్షమించిందని చెబుతారు. మా అమ్మమ్మ మాత్రం అలా చెప్పలేదు, నేనూ చెప్పను.

ఇప్పటికీ ఆ ఊళ్లో జాతరనాడు ఇద్దరు పెద్దలకీ సగం మొహానికి రంగు పూస్తారు. ఊళ్లో ఎవరేమన్నా ఆరోజు వాళ్లు పడాలి. చివరికి ఒకరి మొహం ఒకరు కడగాలి. ఆ వంతెనకి రెండువైపులా రెండు కుండలు పెడతారు. దారిన పోయేవాళ్లకి, ఏ ఒడ్డువాళ్లో అడక్కుండా నీళ్లు పోస్తారు.

ఇంకొకటి. ఆ ఊళ్లో అన్నదమ్ములు గానీ, తోడికోడళ్లు గానీ, ఇద్దరు పెద్దమనుషులు గానీ, ముందు నేనంటే నేనని పట్టుపడితే, పక్కనున్నవాళ్లు ధర్మపన్నాలు చెప్పరు. ఒక్క మాటే అంటారు.

"గంగులుకి దాహమేస్తోందర్రా."

అంతే. గొడవ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎవరో ఒకరు లేచి, నీళ్లు తేవడానికి పరుగెడతారు.